తెలివితక్కువ జవాబులు

బావగారు కోటు తొడుక్కుని ముందు గదిలో కుర్చీ జరిపారంటే ఇంట్లో వీసా ఆఫీసు తెరిచినట్టే. మామూలుగా ఫ్యాను కింద బనీనుతో కాళ్ళు చాపుకుని కూర్చునే మనిషి, ఆ కాసేపూ మెడ దాకా గుండీలు బిగించుకుని, చెమటలు కక్కుతూ, ఎదురుగా ఉన్న స్టూలు వైపు చూసి "నెక్స్ట్" అని కేక వేసేవారు. వరసలో ఉన్నది ఒక్కతే, విదేశంలో ఉన్న ఆయన తమ్ముడి భార్య.

వీధిలో అందరూ ఆమెను పళ్ళమ్మాయి అనేవారు. కట్టుడు పళ్ళు తయారుచేసే ల్యాబులో ఆమె పని. కొత్తగా వచ్చినవాళ్ళు ఆ పేరు విని, డజను ఎంతకిస్తావమ్మా అని అడిగిన సందర్భాలు కూడా ఉన్నాయి.

"మీ భర్త పొద్దున్న లేవగానే ఏం తాగుతాడు?" బావగారు కళ్ళజోడు ముక్కు కొసకి జార్చి అడిగారు.

"టీ."

"తప్పు."

"టీయే తాగుతాడు బావగారూ."

"తాగేది టీయేనమ్మా. కానీ అలా టక్కున చెప్పకూడదు. బట్టీ పట్టి వచ్చావనుకుంటారు. ఒక్క క్షణం ఆలోచించాలి, కొంచెం సిగ్గుపడాలి, అప్పుడు చెప్పాలి. ఏదీ, సిగ్గుపడు."

పళ్ళమ్మాయి సిగ్గుపడింది.

"ఎవరో కాలు తొక్కినట్టుంది నీ ముఖం. మళ్ళీ."

ఆమె మళ్ళీ సిగ్గుపడింది. లోపల మాత్రం, ఈయన కోటు చంకలో చిరుగు కుట్లలోంచి బయటికి చూస్తోందే, అది ఈయనకి ఎవరూ చెప్పలేదా అనుకుంది. డ్రైవింగ్ స్కూల్లో మాస్టరు ఆయన. పక్క సీట్లో కూర్చుని, కాలికింద తనకంటూ ఇంకో బ్రేకు పెట్టుకుని, నేర్చుకునేవాళ్ళని చెవులు పగిలేలా అరవడం ఉద్యోగం. ఇంటికొచ్చాక కూడా ఆ బ్రేకు మీంచి కాలు తీసేవారు కాదు. ఎవరు ఏ మాట మొదలుపెట్టినా నాలుగడుగులు పోకముందే తొక్కేసేవారు.

"ఇంకో సంగతి. నీ ఉద్యోగం గురించి అడిగితే ఇంట్లోనే ఉంటానని చెప్పు. పళ్ళు, దవడలు, ప్లాస్టరు, ఈ గోలంతా అక్కడ ఎత్తకు. సంపాదించుకోవడానికి వస్తోందనుకుంటారు. భర్త కోసం ఏడుస్తున్నట్టుండాలి. అర్థమైందా?"

"అర్థమైంది."

"అర్థం కాకపోతే ఏమవుతుందో అదిగో, ఆ గుమ్మంలో నిలబడి ఉంది చూడు."

వంటింటి గుమ్మంలో తోడికోడలు తడి చేతులు తుడుచుకుంటూ నిలబడి ఉంది. తన గురించే మాట వచ్చిందని తెలిసినా ఆవిడ కదల్లేదు.

"మూడుసార్లు! మూడుసార్లు ఆ వీసా ఆఫీసు అద్దం ముందు నిలబెట్టాను. కట్టుకున్నవాడు ఏం పని చేస్తాడో చెప్పలేకపోయింది. పెళ్ళెప్పుడయిందో చెప్పలేకపోయింది. మొద్దు! నేనా దేశంలో స్టోర్సు మొత్తానికి ఇన్‌ఛార్జిని. భార్య రాకుండా ఒంటరిగా ఎన్నాళ్ళు పడుంటాను? వెనక్కొచ్చాను. ఇప్పుడు క్లచ్చేదో బ్రేకేదో తెలీనివాళ్ళ పక్కన ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని కూర్చుంటున్నాను. ఎవరివల్ల? ఏమే, ఎవరివల్ల?"

"నాకంత తెలివి లేదు కదండీ" అంది తోడికోడలు, చిన్నగా నవ్వి. తువ్వాలు భుజాన వేసుకుని లోపలికి వెళ్ళిపోయింది.

పళ్ళమ్మాయికి బావగారిని చూస్తే నవ్వొచ్చేది. ఆవిణ్ణి చూస్తే మాత్రం ఒళ్ళు మండేది. తిట్టేవాడికి నోరు నొప్పి పుట్టకపోతే పోనీ, పడేదానికైనా చెవులు నొప్పి పుట్టవా? రోజూ అదే తిట్టు, రోజూ అదే నవ్వు. ఇలాంటి మనుషుల వల్లే అలాంటి మనుషులు కోట్లు వేసుకుని కూర్చుంటారు అనుకుంది. అంత తేలిక ప్రశ్నకి కూడా జవాబు చెప్పలేనిదానికి వీసా ఇవ్వకపోవడం న్యాయమేనని కూడా అనుకుంది.

*

మర్నాడు ల్యాబులో ఆమె ఒక పెద్దావిడకి పై పళ్ళ వరస నిలబెడుతోంది. స్పిరిటు దీపం మీద కత్తి వేడిచేసి, గులాబీ రంగు మైనాన్ని చిగుళ్ళలా మలిచి, ఒక్కొక్క పన్నూ అందులో గుచ్చి, చల్లారేదాకా వేలితో అదిమి పట్టుకోవాలి. తర్వాత పై దవడ అచ్చునీ కింది దవడ అచ్చునీ ఇత్తడి చట్రంలో బిగించి, మధ్యన ఎర్ర కాగితం పెట్టి, నమిలినట్టు ఆడించాలి. ఎక్కడ ఎక్కువ తగిలితే అక్కడ ఎర్రమచ్చ పడుతుంది. అక్కడ అరగదీయాలి. మళ్ళీ కాగితం, మళ్ళీ మచ్చ. ముందు పళ్ళలో ఒకదాన్ని ఆమె కావాలనే వెంట్రుకవాసి పక్కకి తిప్పి పెట్టింది. అన్నీ సైనికుల్లా నిలబెడితే నోరు తెరవగానే కట్టుడువని తెలిసిపోతుంది.

పక్క బల్ల దగ్గర అచ్చులు పోసే ప్లాస్టరాయన తొంగి చూశాడు. "నువ్వెళ్ళిపోతే ఈ ఊళ్ళో ముసలాళ్ళంతా గంజి తాగి బతకాలి" అన్నాడు.

"అక్కడా ముసలాళ్ళుంటారుగా."

"ఉంటారు. వాళ్ళ పళ్ళు వాళ్ళకి చేసిపెట్టనిస్తారా మరి నిన్ను?"

ఆమె జవాబు చెప్పేలోపు ఫోను మోగింది. భర్త. అక్కడ అతనికి అది తెల్లవారుజాము, హోటల్ బట్టలుతికే చోట డ్యూటీకి ఎక్కే ముందు చేశాడు. పెళ్ళయ్యాక సెలవున్న మూడు వారాలూ ఉండి వెళ్ళిన మనిషి. మెత్తగా మాట్లాడతాడు, త్వరగా నవ్వుతాడు. పెళ్ళికి ముందు చూడడానికి వచ్చినప్పుడు ఆమె చేసిన పళ్ళ వరస ఒకటి చేతిలోకి తీసుకుని, తిప్పి తిప్పి చూసి, "ఇంత చిన్నవాటిని ఇంత ఓపిగ్గా ఎలా చేస్తారు" అన్నాడు. ఆ మాటకే ఆమె ఒప్పుకుంది.

"అన్నయ్య ఫోన్ చేశాడు. నీకు సిగ్గుపడడం రావట్లేదంటగా!" నవ్వాడు.

"నేర్పేవాణ్ణి చూస్తే సిగ్గు రావట్లేదు, జాలి వస్తోంది."

"అలా అనకు. పాపం మనకోసమే కదా. ఆయన చెప్పినట్టే చెప్పు. ల్యాబు మాట ఎత్తకు, ఇంట్లోనే ఉంటానను."

"నీకు నా పని ఇష్టమన్నావు."

"ఇష్టమే. ఆ ఒక్కరోజుకీ దాచు, అంతే. మా వదినలా చెయ్యకు మరి. పాపం మంచిదే, బుర్రలో సరుకు తక్కువ."

ఈసారి ఆమె కూడా నవ్వింది. ఫోను పెట్టేసి చూస్తే మైనం గడ్డకట్టుకుపోయింది. కత్తి మళ్ళీ వేడిచేసుకోవాల్సి వచ్చింది.

*

ఇంటర్వ్యూ రోజున బావగారి విద్యార్థులకి లైసెన్సు పరీక్ష పడింది. ఆయన లేకపోతే వాళ్ళు గోడల్ని గుద్దుతారు కాబట్టి, తోడుగా భార్యని పంపారు. "దీనికి దారైతే కంఠతా వచ్చు. తప్పు చెప్పడానికి మూడుసార్లు వెళ్ళొచ్చింది కదా" అన్నారు, గుమ్మం దగ్గర, పక్కింటివాళ్ళకి కూడా వినబడేలా.

బస్సులో తోడికోడలు కిటికీ పక్కన కూర్చుని బయటికి చూస్తూ ఉండిపోయింది. పళ్ళమ్మాయి ఆవిడతో మాట్లాడే ప్రయత్నం చేయలేదు. ఏం మాట్లాడాలి, వంటింటి సంగతులా?

వీసా ఆఫీసు హాలు చలికి వణికించేంత చల్లగా ఉంది. నేలకి బిగించిన ఇనుప కుర్చీలు, గోడమీద వెలిగే అంకెలు, చివర అద్దాల వెనక నాలుగు కిటికీలు. గార్డు ఒకడు వరసల మధ్య తిరుగుతూ, కాళ్ళు జాపినవాళ్ళని కాళ్ళు ముడవమని, మాట్లాడేవాళ్ళని మాట్లాడొద్దని, ఏమీ చెయ్యనివాళ్ళని సరిగ్గా కూర్చోమని అదిలిస్తున్నాడు. అక్కడ కూర్చున్నవాళ్ళందరూ పెళ్ళిచేసుకున్న నేరానికి పట్టుబడినట్టే ఉన్నారు.

ముందు వరసలో కొత్తగా పెళ్ళయిన పిల్ల ఒకతి చేతులు నలుపుకుంటూ కూర్చుంది. పక్క తలుపు తెరుచుకుని ఆ దేశపు మనిషి ఒకాయన, నెరిసిన జుట్టాయన, చేతిలో ఒక ఫైలుతో బయటికొచ్చి ఆ పిల్ల ముందు నిలబడ్డాడు. ఏదో అడిగాడు. ఆ పిల్ల నోరు తెరిచింది, మాట రాలేదు. ఆయన మళ్ళీ అడిగాడు, ఈసారి కొంచెం గట్టిగా, గట్టిగా అడిగితే భాష వచ్చేస్తుందన్నట్టు. ఆయన మాటని తెలుగులోకి మార్చి చెప్పే అమ్మాయి టీకి వెళ్ళిందట. గార్డు దగ్గరికొచ్చి, "ఏదో ఒకటి చెప్పమ్మా, ఆయన ఎంతసేపు నిలబడతాడు" అని కసిరాడు. ఆ పిల్ల కళ్ళనీళ్ళు పెట్టుకుంది.

తోడికోడలు లేచింది.

నడిచి వెళ్ళి ఆ నెరిసిన జుట్టాయన పక్కన నిలబడి, ఆయన భాషలో మాట్లాడింది. ఒక ముక్క కాదు, రెండు ముక్కలు కాదు. ఆయన ఏదో అడిగితే ఈవిడ ఏదో చెప్పింది. ఆ పిల్ల వైపు తిరిగి, "అమ్మా, పెళ్ళికి ముందు మీ ఇంటిపేరు ఇందులో ఒకలా, అందులో ఒకలా ఉందంటున్నాడు. భయపడే సంగతేం కాదు. ఏది సరైందో చెప్పు చాలు" అంది. ఆ పిల్ల చెప్పింది. ఈవిడ ఆయనకి చెప్పింది. ఆయన తలూపి, ఏదో చమత్కారం విసిరితే, ఈవిడ ఇంకోటి విసిరింది. ఆయన పెద్దగా నవ్వి లోపలికి వెళ్ళిపోయాడు.

తోడికోడలు వచ్చి తన కుర్చీలో కూర్చుని, చీర చెంగు భుజం మీద సర్దుకుంది.

పళ్ళమ్మాయి ఆవిడ ముఖంలోకి చూసింది. "అక్కా, మీకు ఆ భాష వచ్చా?"

"వచ్చు."

"ఎప్పుడు నేర్చుకున్నారు?"

"ఆయనే మాస్టార్ని పెట్టి నేర్పించారు, అక్కడికి తీసికెళ్ళాలని. ముసలాయన, పాపం, రోజూ సాయంత్రం వచ్చేవాడు. తొందరగా పట్టుకుంటావమ్మా నువ్వు అనేవాడు. మర్చిపోయాననుకున్నా. అలాగే ఉంది."

"మరి ఆ మూడుసార్లూ లోపల ఎందుకలా..."

గార్డు అటు తిరిగి వెళ్ళేదాకా తోడికోడలు మాట్లాడలేదు. తర్వాత మాట్లాడింది, కూరగాయల ధరలు చెప్పినంత మామూలుగా.

"మొదటిసారి, మీ ఆయన ఏం పని చేస్తాడన్నారు. తెలీదన్నాను. రెండోసారి, పెళ్ళెప్పుడయిందన్నారు. జ్ఞాపకం లేదన్నాను. మూడోసారి వాళ్ళకే అనుమానమొచ్చింది. అద్దం వెనకావిడ ముందుకి వంగి, నీకు వెళ్ళాలని లేదా అని మెల్లిగా అడిగింది. నేనేం అనలేదు. ఆవిడ నా చెయ్యి వంక చూసింది. అప్పుడు కట్టు ఉంది చేతికి. ఫైలు మూసి పక్కన పెట్టేసింది."

పళ్ళమ్మాయికి వెంటనే అర్థం కాలేదు. అర్థమయ్యాక, ఎదుట గోడమీద మారుతున్న అంకెల్ని చూస్తూ ఉండిపోయింది.

"సెలవుకి వచ్చినప్పుడల్లా అంతే" అంది తోడికోడలు. "ఇక్కడ గోడలు పల్చన. అరిస్తే పక్కింటికి వినబడుతుంది. మా అన్న రెండు వీధుల అవతలే ఉన్నాడు. అక్కడ చలికి కిటికీలు కూడా తెరవరటగా, ఆయనే గొప్పగా చెప్పేవారు. ఆ కిటికీల వెనక ఆయనా నేనూ... వద్దనుకున్నాను."

"ఇప్పుడు కూడా..."

"లేదు. ఆయన వచ్చేశాక ఓసారి మా అన్న వచ్చి గుమ్మంలో నిలబడి వెళ్ళాడు. ఆ తర్వాత నోరు ఒక్కటే. నోటిదేముంది, పక్కింటి రేడియో అనుకుంటా."

"అందరూ మిమ్మల్ని మొద్దంటున్నారు కదక్కా. ఇన్నేళ్ళుగా."

"అననీ. మొద్దుని ఎత్తి ఎక్కడికీ పట్టుకుపోలేరుగా."

నవ్వింది ఆవిడ. ఇంట్లో రోజూ చూసే నవ్వే అది. పళ్ళమ్మాయి ముఖం వేడెక్కింది. ఫోనులో భర్తతో కలిసి తను నవ్విన నవ్వు గుర్తొచ్చి, నాలుక మీద ప్లాస్టరు పొడి పడ్డట్టయింది.

"నాకిప్పుడెందుకు చెప్పారు? నన్ను కూడా తప్పు చెప్పమనా?"

"నాకేం తెలుసే? నీ మొగుడితో కాపురం చేసింది నువ్వు, నేను కాదు. అడిగావు, చెప్పాను."

"ఆయన మంచివాడేనా అక్కా?"

తోడికోడలు కొంచెం ఆలోచించింది. "మంచివాడే. నా మాటకి ఏనాడూ ఎదురు చెప్పలేదు" అని, "వాళ్ళన్నయ్య మాటకీ ఎదురు చెప్పలేదు" అంది.

గోడమీద పళ్ళమ్మాయి అంకె వెలిగింది.

*

అద్దం వెనక ఉన్నావిడ అలసిపోయి ఉంది. మాట మార్చే అమ్మాయి టీ ముగించుకొచ్చి పక్కన కూర్చుంది. భర్త పొద్దున్నే ఏం తాగుతాడో ఎవరూ అడగలేదు. పెళ్ళి ఫోటోలు పేకముక్కల్లా తిరగేసి పక్కన పెట్టి, "మీరేం చేస్తారు?" అని అడిగారు.

"పళ్ళు చేస్తాను" అంది పళ్ళమ్మాయి.

మాట మార్చే అమ్మాయి ఏదో చెప్పింది. అద్దం వెనకావిడ కనుబొమలు పైకెత్తింది. "తోటలోనా అని అడుగుతున్నారు" అంది ఆ అమ్మాయి.

పళ్ళమ్మాయి తన ముందు పళ్ళ మీద గోటితో టకటకా కొట్టి చూపించింది. "తినే పళ్ళు కాదు, తినడానికి పళ్ళు."

అది విని అద్దం వెనకావిడకి నవ్వాగలేదు. నవ్వుతుంటే పైన ఎడమవైపు ఒక పన్ను మిగతావాటికంటే తెల్లగా ఉన్నట్టు పళ్ళమ్మాయికి కనిపించింది. రంగు కలపడంలో ఎవరో బద్ధకించారు.

"అక్కడికి వెళ్ళాక కూడా చేస్తారా?"

"చేస్తాను."

"మీ భర్తకి ఇష్టమేనా?"

"ఆయన్ని అడగాలి."

అవతలావిడ ఏదో రాసుకుంది. ముద్ర వేసింది. పాస్‌పోర్టు ఎప్పుడొచ్చి తీసుకోవాలో చెప్పింది. మొత్తం అంతే. ఇన్నాళ్ళు కోటు, కుర్చీ, సిగ్గు, చెమటలు, అన్నీ ఇందుకా అనిపించింది. గెలిచినట్టు కూడా అనిపించలేదు.

ఇంటికొచ్చి చెప్పగానే బావగారు కుర్చీలోంచి లేచి రెండు చేతులూ చరిచారు. తమకున్న చుట్టాలందరికీ వరసపెట్టి ఫోన్లు చేశారు. ట్రైనింగు తనది. టెక్నిక్కు తనది. ఫోన్ల మధ్యలో ఆమె వైపు తిరిగి, "సిగ్గుపడ్డావా?" అని అడిగారు.

"పడ్డాను బావగారూ. చాలా."

"చూశావటే?" అన్నారు భార్యతో. "నిన్న కాక మొన్న వచ్చిన పిల్ల. ఒక్కసారికి కొట్టుకొచ్చింది. నేర్చుకో!"

"నాకంత తెలివి లేదు కదండీ" అంది తోడికోడలు, ఆయన ముందు టీ గ్లాసు పెడుతూ.

పళ్ళమ్మాయి ఆ మాట వందసార్లు వింది. ఈసారి మాత్రం ఆవిడ కళ్ళు చూసింది. ఆ కళ్ళు బావగారి మీంచి, అడ్డొచ్చిన సామానుని తప్పించుకున్నట్టు, పక్కకి తిరిగి వెళ్ళాయి. ఆయన మీద ఆవిడకి కోపం కూడా లేదు. కోపానికి తగినంత మనిషిగా కూడా ఆయన్ని లెక్కపెట్టడం ఎప్పుడో మానేసింది. తను ఆయన్ని చూసి లోపల నవ్వుకోవడం దీని ముందు పిల్లచేష్టలా అనిపించింది.

*

సాయంత్రం డాబా మెట్ల మీద కూర్చుని భర్తకి ఫోన్ చేసింది. అతనికప్పటికే కబురందింది. టికెట్లు చూస్తున్నాడట. గదికి కొత్త పరదాలు కొన్నాడట. ఆమె అతన్ని కాసేపు మాట్లాడనిచ్చింది.

"ఒకటడుగుతా చెప్తావా?"

"రెండడుగు."

"మీ అన్నయ్య మీ వదినని కొట్టడం నువ్వెప్పుడైనా చూశావా?"

అవతల పరదా గుడ్డ చప్పుడు ఆగిపోయింది. "ఇప్పుడవన్నీ ఎందుకు? ఎప్పటి సంగతులో..."

"చూశావా?"

"ఎవరు చెప్పారు నీకు?"

"చూశావా, లేదా?"

ఫోను కట్టయిందేమోనని ఆమె చెవి దగ్గర్నించి తీసి చూసుకుంది. కట్టవలేదు.

"చూశాను" అన్నాడు. "కాలేజీలో ఉన్నాను అప్పుడు. నేను ముందు గదిలో పడుకునేవాణ్ణి."

"ఏం చేశావు?"

"ఏం చెయ్యను? ఆయన అన్నయ్య, నేను..."

"నువ్వేం చేశావో అడిగాను."

"టీవీ సౌండు పెంచేవాణ్ణి. వదిన పొద్దున్నే లేచి నాకు బాక్సు కట్టిచ్చేది. నేను తీసుకుని వెళ్ళిపోయేవాణ్ణి."

ఆమెకి ముందు అసహ్యమే కలిగింది. ఆ మనిషి చేతిలో పళ్ళ వరస పెట్టుకుని ఎంత మెత్తగా పట్టుకున్నాడో గుర్తొచ్చింది. మెత్తని చేతులు. దేనికీ అడ్డం పడని చేతులు. కానీ అబద్ధం చెప్పలేదు. చెప్పి ఉంటే ఇప్పుడే తేలిపోయేది.

"టికెట్టు కొనకు" అంది.

"అదేంటి! నేనేం చేశాను? నిన్నెప్పుడైనా ఒక్క మాటన్నానా?"

"అనలేదు. నువ్వెవర్నీ ఏమీ అనవు. అదే నాకు భయంగా ఉంది."

"మరి ఏం చెయ్యమంటావు?"

"మీ అన్నయ్యకి ఫోన్ చెయ్యి. నాకు చెప్పింది ఆయనకి చెప్పు. నువ్వు చూశావని చెప్పు. నా పేరెత్తకు, వదిన పేరెత్తకు. నువ్వు చూసింది నువ్వు చెప్పు."

"అన్నయ్యకా?" అన్నాడు, ఎత్తయిన చోటు నించి దూకమన్నట్టు. "నేను చెప్పలేను. ఎప్పుడూ ఆయన ముందు..."

"అయితే నేను ల్యాబుకే వెళ్తుంటాను" అని ఫోను పెట్టేసింది.

మర్నాడు అతను ఫోన్ చేయలేదు. ఆ మర్నాడూ చేయలేదు. ఆమె ల్యాబులో పెద్దావిడ పళ్ళ వరస పూర్తి చేసి, పాలిష్ పట్టి, నీళ్ళ డబ్బాలో వేసి పంపేసింది. ప్లాస్టరాయన ఎప్పుడెళ్తున్నావని అడిగితే, తెలీదంది. భర్త పిరికివాడని తేలిపోయిందనుకుని, అలా తేలినందుకు ఏడవనందుకు తనమీద తనే ఆశ్చర్యపోయింది.

మూడోరోజు పొద్దున్న ఆమె సంచీ భుజాన వేసుకుని బయల్దేరుతుంటే, బావగారు ముందు గదిలో వంగి బూట్ల తాడు కట్టుకుంటున్నారు. వంటింట్లో మిక్సీ తిరుగుతోంది. ఆయన ఫోను మోగింది.

"ఆఁ, తమ్ముడూ! టికెట్టయిపోయిందా?" అరిచారు, మిక్సీ మోతని మించిపోయేలా.

తర్వాత వంగినవాడు వంగినట్టే ఉండిపోయారు.

"ఏంటీ?... ఏం మాట్లాడుతున్నావురా నువ్వు?" మెల్లిగా నిటారయ్యారు. ఒక బూటు తాడు వేలాడుతూనే ఉంది. "ఎవరు నూరిపోశారు నీకిదంతా?... నువ్వు చూశావా? నువ్వేం చూశావు?"

అవతలవాడు ఏం చెబుతున్నాడో వినబడలేదు. కానీ చెబుతున్నాడు. తడబడుతూ, ఆగుతూ చెబుతున్నాడని బావగారి ముఖం చూస్తేనే తెలుస్తోంది. ఆయన నోరు రెండుసార్లు తెరుచుకుంది, అవతల మాట ఆగకపోయేసరికి రెండుసార్లూ మూసుకుంది.

పళ్ళమ్మాయి గుమ్మంలోనే నిలబడిపోయింది.

వంటింట్లో మిక్సీ ఆగింది. తోడికోడలు తడి చేతులతోనే ముందు గదిలోకి వచ్చి, వినడానికి భర్త ఎదురుగా నిలబడింది.